స్కీ బూట్లు వేసుకున్న అరగంటకే పాదాలు మొద్దుబారుతున్నాయి, సైజు పెంచాలా?

మొదటి_మంచు (డెన్వర్)
జనవరి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను స్కీయింగ్ మొదలుపెట్టి ఇది మూడో శీతాకాలం. రెండేళ్ళు అద్దె బూట్లతో నెట్టుకొచ్చాను. ఈసారి సొంతవి ఉంటే బాగుంటుందని నవంబరులో ఒక పాత సామాన్ల దుకాణంలో 140 డాలర్లకు ఒక జత కొన్నాను. బూటు మీద 28.5 అని ఉంది. నేను మామూలుగా వేసుకునే బూట్లు అమెరికా కొలతలో తొమ్మిదిన్నర. దుకాణంలో 27.5 వేసి చూస్తే వేళ్ళు ముందుకు తగిలాయి. 28.5 హాయిగా ఉంది, తీసుకున్నాను.

ఆ హాయి దుకాణం గడప దాటలేదు. మొన్న శనివారం కీస్టోన్‌లో స్కీయింగ్‌కి వెళ్ళాం. రెండోసారి కొండ దిగేసరికి కుడి పాదం బయటి అంచు మండిపోతోంది, అరికాలి వంపు దగ్గర కండరం పట్టేసింది, వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. లిఫ్టు ఎక్కగానే బకిళ్ళన్నీ ఊడదీయడం, దిగే ముందు పళ్ళు బిగబట్టి మళ్ళీ పెట్టుకోవడం. పదకొండు గంటలకు ఇక నా వల్ల కాక క్యాంటీన్‌లో కూర్చుని బల్ల కింద బూట్లు విప్పాను. మేజోడు అల్లిక మీగాలి మీద పచ్చబొట్టు పొడిచినట్లు దిగిపోయి ఉంది. బొటనవేలి గోరు కింద నీలంగా రక్తం గడ్డకట్టింది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కిటికీ అవతల నుంచి చెయ్యి ఊపి మళ్ళీ లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు 29.5కి వెళ్ళాలా? ఇంత డబ్బు పోసి నొప్పి కొనుక్కోవడం మీకే చెల్లింది అంటోంది మా ఆవిడ.

హిమబిందువు (టొరంటో)
జనవరి 8, రాత్రి 10:15

అయ్యో, గోరు నల్లబడిందంటే బూటు చిన్నదన్నమాట. ఒక సైజు పెంచండి. లోపల రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకోండి, మెత్తగా ఉంటుంది. నేను ఆరేళ్ళుగా అలాగే చేస్తున్నాను.

పాతకాపు (సాల్ట్‌లేక్ సిటీ)
జనవరి 8, రాత్రి 11:02

మొదటి_మంచు గారూ, దయచేసి ఆగండి. 29.5 కొనకండి. రెండు జతల మేజోళ్ళు అసలే వద్దు. హిమబిందువు గారు ఏమీ అనుకోకూడదు, నేను కూడా మొదటి నాలుగేళ్ళు అదే తప్పు చేసినవాణ్ణి.

ముందు ఒక పని చేయండి. రేపు సాయంత్రం, పాదాలు రోజంతా నడిచి కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వట్టి కాళ్ళతో కాగితం మీద నిలబడండి. మడమ గోడకు పూర్తిగా ఆనాలి, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పడాలి. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న వేలి కొస దగ్గర ఇంకెవరిచేతనైనా గీత గీయించండి. మీరే వంగి గీస్తే కొలత తప్పుతుంది. రెండు పాదాలూ కొలిచి మిల్లీమీటర్లలో చెప్పండి. స్కీ బూటు మీద ఉండే అంకె పాదం పొడవే, సెంటీమీటర్లలో. దాన్ని మోండోపాయింట్ అంటారు. 28.5 అంటే 285 మిల్లీమీటర్ల పాదానికి చేసిన బూటు.

తరువాత బూటులోంచి మెత్తటి లైనర్‌ను బయటికి లాగేయండి. ఉత్త ప్లాస్టిక్ షెల్‌లో కాలు పెట్టి, వేళ్ళు ముందు గోడకు తాకీ తాకనట్లు జరిపి, మడమకూ వెనక గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

మొదటి_మంచు
జనవరి 9, రాత్రి 8:20

కొలిచాను. గీత మా అమ్మాయి గీసింది. కుడి 268, ఎడమ 265. మూడుసార్లు కొలిచినా అంతే.

షెల్‌లో వెనక ఖాళీ మూడున్నర సెంటీమీటర్లు. మరి నా పాదం 27 కూడా లేకపోతే 27.5లో వేళ్ళు ఎందుకు తగిలాయి? ఇంత పెద్ద బూటులో గోరు ఎందుకు నల్లబడింది?

పాతకాపు
జనవరి 9, రాత్రి 9:35

అదే అసలు సంగతి. సగం ప్రపంచం ఇక్కడే మోసపోతుంది.

షెల్‌లో ఆ ఖాళీ ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు. పోటీల్లో పాల్గొనేవాళ్ళు ఒక సెంటీమీటరుతో సరిపెట్టుకుంటారు. మీకు దాదాపు రెట్టింపు ఉంది. పెద్ద చెప్పులు వేసుకుని నడిచేవాడు చెప్పు జారిపోకుండా కాలి వేళ్ళతో బిగించి పట్టుకుంటాడు చూశారా, వదులు బూటులో మీ పాదం రోజంతా అదే చేస్తోంది. అరికాలి కండరం పట్టేయడం అందుకే. కొండ దిగుతూ మలుపు తిరిగిన ప్రతిసారీ పాదం ముందుకు జారి వేళ్ళు వెళ్ళి గోడకు కొట్టుకుంటున్నాయి. గోరు నల్లబడింది అందుకే. జారుతోందని మీరు బకిళ్ళు ఇంకా బిగిస్తున్నారు. ఆ బిగింపు మడమను పట్టదు, మీగాలిని నొక్కుతుంది. వేళ్ళకు వెళ్ళే నరాలూ రక్తనాళాలూ మీగాలి మీద చర్మం కిందనే ఉంటాయి. అక్కడ నొక్కితే వేళ్ళు మొద్దుబారతాయి, చల్లబడతాయి. అంటే బూటు పెద్దదై నొప్పి పెడుతోంది, మీరేమో చిన్నదనుకుని ఇంకా పెద్దది కొనబోతున్నారు.

27.5లో వేళ్ళు తగలడానికి కారణం వేరు. నిటారుగా నిలబడితే సరైన బూటులో కూడా వేళ్ళు తగులుతాయి, తగలాలి కూడా. బకిళ్ళు పెట్టుకుని, మోకాళ్ళు ముందుకు వంచి కాలి ముందు ఎముకను బూటు నాలుకకు ఆనిస్తే మడమ వెనక్కి కూర్చుంటుంది, వేళ్ళు ముందు గోడను వదులుతాయి. దుకాణంలో అద్దం ముందు నిలబడి చూసుకునేవాళ్ళకు ఇది ఎప్పటికీ తెలియదు.

ఇంకొకటి. చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ షెల్ ఒక్కటే, మారేది అరికాలి కింద వేసే అట్టో లైనరో మాత్రమే. కాబట్టి అర సైజు కోసం కొట్లాడకండి. మీ కొలతకు 26.5 చూడాలి, కాదంటే 27.5. అది బూట్ ఫిట్టర్, అంటే స్కీ బూటును పాదానికి తగ్గట్టు సరిచేసే మనిషి, తేలుస్తాడు.

గోల్కొండ_బాటసారి (హైదరాబాదు)
జనవరి 10, ఉదయం 7:50

మీరంతా ఫిట్టర్లు, కొలతలు అంటున్నారు. గుల్మార్గ్‌లో నా అనుభవం వినండి. పోయిన ఫిబ్రవరిలో నలుగురం వెళ్ళాం. అద్దె కొట్టులో అబ్బాయి నా కాళ్ళ వైపు కూడా చూడకుండా సైజెంత అన్నాడు, ఎనిమిది అన్నాను. గుట్టలోంచి ఒక జత లాగి పడేశాడు. ఒకదానికి మూడు బకిళ్ళే ఉన్నాయి, నాలుగోది ఊడిపోయి తీగతో కట్టి ఉంది. లోపలి లైనర్ అణిగి అణిగి పాత పరుపులా అయిపోయింది. మొదటిరోజు సాయంత్రానికి మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

రెండోరోజు తెలివి తెచ్చుకుని గంట ముందే వెళ్ళి నాలుగు జతలు వేసి చూశాను. మన దగ్గర ఎనిమిది నంబరు అంటే దాదాపు 27. కానీ నంబరు చెప్పకుండా పాదం సెంటీమీటర్లలో చెబితే మంచిదని అక్కడి శిక్షకుడే చెప్పాడు. బకిళ్ళన్నీ పెట్టి తీసి చూడాలి, లైనర్‌లో చెయ్యి పెట్టి తడి ఉందేమో తడమాలి. రాత్రి ఎండని లైనర్ మర్నాడు మంచుగడ్డే. వీలుంటే ముందురోజు సాయంత్రమే తీసుకుని గదిలో ఇరవై నిమిషాలు వేసుకుని కూర్చోవాలి. గొండోలా (తీగల మీద నడిచే పెట్టె) ఎక్కి అఫర్వత్ కొండ మీదికి వెళ్ళాక బూటు బాగాలేదని తెలిస్తే చేసేదేమీ లేదు.

హిమబిందువు
జనవరి 10, ఉదయం 9:05

పాతకాపు గారు చెప్పింది అర్థమైంది గానీ ఒంటారియోలో చలి మీకు తెలియదు. మైనస్ ఇరవైలో ఒక్క పలచటి మేజోడుతో వేళ్ళు విరిగిపోవా?

పాతకాపు
జనవరి 10, మధ్యాహ్నం 12:30

రెండో జత వేస్తే బూటులో గాలికి చోటుండదు, రక్తం ఆడదు, ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పలచటి ఉన్ని మేజోడు ఒక్కటి, ముడత లేకుండా. ఇంట్లోంచే వేసుకుని వెళ్ళకండి, కారులో పట్టిన చెమటే కొండ మీద చలి అవుతుంది. బూటు వేసుకునే ముందు పొడిది మార్చుకోండి. లోపల వేసుకునే వెచ్చటి పంట్లాం అంచు కూడా బూటులోకి దూరకూడదు. ఆ కుట్టు ఒక్కటి చాలు కాలి ఎముక మీద పుండు పడడానికి. అప్పటికీ చలేస్తే బ్యాటరీతో వేడెక్కే మేజోళ్ళు ఉన్నాయి.

పాదాల_వైద్యుడు (న్యూజెర్సీ)
జనవరి 10, రాత్రి 8:45

వృత్తిరీత్యా రోజూ పాదాలే చూస్తాను కాబట్టి రెండు మాటలు.

గోరు కింద గడ్డకట్టిన రక్తం వల్ల టపటపా కొట్టుకుంటున్నట్లు నొప్పి ఉంటే ఒకటి రెండు రోజుల్లోపు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. చిన్న రంధ్రం చేసి రక్తం తీసేస్తారు, వెంటనే ఉపశమనం. ఇంట్లో సూది కాల్చి పొడిచే ప్రయోగాలు వద్దు. నొప్పి లేకపోతే వదిలేయండి. గోరు ఊడిపోవచ్చు. బొటనవేలి గోరు పూర్తిగా పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, కంగారుపడకండి.

బూటు విప్పాక మొద్దుబారడం కాసేపట్లో పోతే అది ఒత్తిడి. రెండు మూడు రోజులైనా పోకపోయినా, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య గులకరాయి తొక్కినట్లు సలుపుతున్నా చూపించుకోవాలి. కొండ మీద వేలు పాలిపోయి, గట్టిపడి, స్పర్శ పోతే అది చలిదెబ్బ. ఇంకొక్కసారి దిగి వస్తాను అనకుండా లోపలికి వెళ్ళిపోండి.

మన వాళ్ళలో మధుమేహం ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు బూటు కరుస్తున్నట్లు తెలియనే తెలియదు. పుండు పడ్డాక తెలుస్తుంది. మీ వైద్యుణ్ణి అడగకుండా స్కీ బూటులో కాలు పెట్టకండి. నొప్పి రాకుండా ముందే మాత్ర మింగి వెళ్ళే అలవాటు కూడా వద్దు. ఆ నొప్పే మీకు కాపలా.

వెడల్పు_పాదం (సియాటిల్)
జనవరి 11, సాయంత్రం 6:10

పొడవు సంగతే మాట్లాడుతున్నారు, వెడల్పు మాటేమిటి? నాకు పదేళ్ళు వచ్చేదాకా మా ఊళ్ళో (గుంటూరు జిల్లా) బడికి తప్ప చెప్పులే లేవు. పాదం ముందు భాగం విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఇక్కడ పార్టీలకు వేసుకునే బూట్లు ఒక్కటీ పట్టవు. ఇది నా ఊహ కాదు. మన దేశంలో చెప్పులు లేకుండా నడిచేవాళ్ళ పాదాలను బెల్జియం పరిశోధకులు కొలిచి, బూట్లు తొడిగే అలవాటున్నవాళ్ళ పాదాలకంటే వెడల్పుగా ఉన్నాయని 2009లో రాశారు.

స్కీ బూటుకు లాస్ట్ అని ఒక అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో ముందు భాగం వెడల్పు. 98 దాకా ఇరుకు, 100 మధ్యస్థం, 102 పైన వెడల్పు. నాకు 102 ఇచ్చారు. అయినా చిటికెన వేలి మూలం దగ్గర ఎముక పొడుచుకొచ్చి మంట. మొదటి_మంచు గారికి బయటి అంచు మంట అంటే అదే చోటు కావచ్చు. ఫిట్టర్లు దాన్ని సరదాగా ఆరో వేలు అంటారు.

ఫిట్టరమ్మ చేసిన పని చెబితే నవ్వుతారు. ఆ ఎముక మీద లిప్‌స్టిక్‌తో చుక్క పెట్టింది, అచ్చం పెళ్ళికూతురికి బుగ్గన చుక్క పెట్టినట్లు. లైనర్ తీసిన షెల్‌లో కాలు పెట్టించి అటూ ఇటూ ఒత్తించింది. ఎర్ర మచ్చ ప్లాస్టిక్ లోపల అంటుకుంది. సరిగ్గా అక్కడ వేడిగాలి కొట్టి, లోపల గుండు, బయట వలయం ఉన్న పట్టుకారులాంటి పనిముట్టుతో నొక్కిపట్టి చల్లారేదాకా ఉంచింది. బూటు బయట చిన్న బొప్పి కట్టింది. అప్పటినుంచి నొప్పి లేదు.

ఆడవాళ్ళకు ఇంకో మాట. మన పిక్క కిందిదాకా ఉంటుంది కాబట్టి పైబకిలు పిక్కను కోస్తుంది. ఆడవాళ్ళ కోసం చేసిన బూట్లకు పై అంచు తక్కువ ఎత్తులో ఉంటుంది. మగవాళ్ళ పాత బూట్లు సర్దుకోకండి.

లెక్కల_మాస్టారు (మ్యూనిక్)
జనవరి 12, ఉదయం 11:20

ఫిట్టర్ల గురించి ఇంత భక్తి అవసరమా? నాకు ఒకతను కొలిచి చేసిన అట్టలంటూ ఇచ్చి 180 యూరోలు తీసుకున్నాడు. పెద్ద తేడా తెలియలేదు. బూటు సరైన సైజైతే అట్ట అక్కర్లేదు, సైజు తప్పితే అట్ట కాపాడదు.

పాతకాపు
జనవరి 12, మధ్యాహ్నం 2:00

రెండో ముక్క ఒప్పుకుంటాను. మొదటిది అందరికీ కాదు. బరువు పడగానే అరికాలి వంపు అణిగే పాదం పొడుగవుతుంది, వెడల్పవుతుంది. అలాంటివాళ్ళకు అడుగున ఆధారం ఇస్తే నొప్పి సగం తగ్గుతుంది. మీ పాదం అణగని రకం అయి ఉంటుంది, మీరు అదృష్టవంతులు. నా పాదాలు దోసెపిండి.

నిర్వాహకుడు
జనవరి 12, సాయంత్రం 5:15

ఈ చర్చలో పాత బూట్ల అమ్మకం గురించి రెండు సందేశాలు వచ్చాయి, తొలగించాం. దానికి వేరే విభాగం ఉంది.

మొదటి_మంచు
జనవరి 21, రాత్రి 10:30

వెళ్ళి వచ్చాను. గంటా నలభై నిమిషాలు పట్టింది.

ఆయన ముందు నన్ను కూర్చోబెట్టి, తరువాత నిలబెట్టి, మోకాలు వంచమని చీలమండ ఎంత వంగుతుందో చూశారు. ఎన్నిరోజులు వెళతావు, ఎంత బరువు, ఎక్కడ నొప్పి అని అడిగారు. నా 28.5 బూటును చేతిలోకి తీసుకుని ఏమీ అనకుండా పక్కన పెట్టేశారు. ఆ మౌనం నాకు బాగా తగిలింది.

26.5, లాస్ట్ 100, ఫ్లెక్స్ 100 తెచ్చారు. ఫ్లెక్స్ అంటే బూటు ముందుకు వంగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె. అయితే ఒక కంపెనీ 100 ఇంకో కంపెనీ 100తో సమానం కాదని ఆయనే చెప్పారు. కాలు పెట్టగానే వేళ్ళు గోడకు గుద్దుకున్నాయి, ఇది పిల్లల సైజేమో అన్నాను. మడమ నేలకు రెండుసార్లు కొట్టు అన్నారు, కొట్టాను. పైబకిళ్ళు పెట్టి మోకాళ్ళు వంచు అన్నారు, వంచాను. పాతకాపు గారూ, వేళ్ళు వెనక్కి వచ్చేశాయి! మడమ కదలడం లేదు. అరగంట అలాగే కూర్చోబెట్టి, తరువాత లైనర్‌ను వేడిచేసి, వేళ్ళ మీద స్పాంజి తొడుగు పెట్టి నా పాదం అచ్చులో ఆరనిచ్చారు.

డబ్బు గురించి ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతోంది.

మరొక సంగతి మీరెవరూ చెప్పలేదు. బూటు మారితే అడుగు పొడవు మారుతుంది. నా పాతది 325 మిల్లీమీటర్లు, కొత్తది 306. స్కీ మీద బూటును పట్టే బైండింగ్‌ను దానికి తగ్గట్టు జరిపి, పడినప్పుడు విడిపోయే బిగువు మళ్ళీ పరీక్షించాలి. అది నువ్వు చేయకు, మా దగ్గరే చేయించు అన్నారు.

పాతకాపు
జనవరి 21, రాత్రి 11:10

నిజమే, ఆ మాట నేను చెప్పాల్సింది. పొరపాటు నాదే. పడినప్పుడు స్కీ ఊడకపోతే పోయేది గోరు కాదు, మోకాలు.

బకిళ్ళ వరస గుర్తుంచుకోండి. ముందు చీలమండ పైనున్న రెండూ. అవి మడమను వెనక్కి తోసి పట్టుకుంటాయి. వేళ్ళ మీద ఉన్నవి ఊడిపోకుండా తగిలిస్తే చాలు, ఒక్క వేలితో పెట్టగలగాలి. ఒకసారి కొండ దిగాక పైవి ఇంకొక మెట్టు బిగించుకోండి. బూట్లు రాత్రి కారు డిక్కీలో వదిలేయకండి. చల్లబడిన ప్లాస్టిక్ కొయ్యలా గట్టిపడుతుంది, కాలు దూరదు.

మొదటి_మంచు
ఫిబ్రవరి 2, రాత్రి 9:15

రెండు శనివారాల నివేదిక.

మొదటిసారి లవ్‌లాండ్. ఐసెన్‌హోవర్ సొరంగానికి ఈ పక్కనే కాబట్టి డెన్వర్ నుంచి దగ్గర. అయినా దారిలో రద్దీ వల్ల రెండు గంటలు పట్టింది, ఆ రెండు గంటలూ బూట్లు హీటరు ముందు కాళ్ళ దగ్గర పెట్టాను. సులువుగా దూరాయి. మడమ గట్టిగా ఉంటే మలుపు తిప్పాలనుకోగానే స్కీ తిరుగుతోంది. ఇన్నాళ్ళూ నాకు రాదనుకున్న విద్య సగం బూటులోనే ఆగిపోయి ఉంది. మధ్యాహ్నానికి మాత్రం ఆరో వేలు మేలుకుంది, అదే చోట మంట. ఫిట్టర్ దగ్గరికి తీసుకెళితే డబ్బు తీసుకోకుండా అక్కడ ప్లాస్టిక్‌ను సాగదీసి ఇచ్చారు. ఆయనకు లిప్‌స్టిక్ లేదు, మార్కర్ పెన్ను వాడారు.

నిన్న మళ్ళీ వెళ్ళాం. మూడు గంటలదాకా ఒక్క బకిలు విప్పలేదు. కాస్త నలిగినట్లుంది గానీ నొప్పి కాదు. మా అమ్మాయి క్యాంటీన్‌కి వెళదాం నాన్నా అంటే నేనే ఇంకొక్కసారి అన్నాను. గోరు ఇంకా నల్లగానే ఉంది.

హిమబిందువు
ఫిబ్రవరి 2, రాత్రి 10:40

సంతోషం అండీ. నేను కూడా ఒక్క మేజోడుతో ప్రయత్నించాను. బూటు వదులై కాలు లోపల గంటలా ఊగుతోంది. ఆరేళ్ళుగా రెండో జతే బూటును నింపుతోందని ఇప్పుడు తెలిసింది.

ఇంతకీ మీ పాత 28.5 ఇంకా ఉందా? మా తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడు, వాడి బూట్లు పది నంబరు.

నిర్వాహకుడు
ఫిబ్రవరి 3, ఉదయం 8:00

అమ్మకాల విభాగానికి వెళ్ళండి.

పాతకాపు
ఫిబ్రవరి 3, ఉదయం 8:25

వెళ్ళే ముందు మీ తమ్ముణ్ణి గోడకు మడమ ఆనించి నిలబడమనండి. గీత మీరు గీయండి.